గంజి పెట్టిన టవల్

జైల్లో మూడో సాక్షి కూడా నురగ కక్కుకుని చచ్చాడు. ఇక మిగిలింది ఒక్కడే.

"వాడు మీ తమ్ముడు," అన్నాడు చీఫ్ ఏజెంట్ ట్వెల్వ్‌తో, జాలి పడడానికి టైమ్ లేనట్టు. "రేపు కోర్టులో ఫారిన్ గ్యాంగ్ గుట్టంతా విప్పాల్సినవాడు. మత్తుకి బానిస కాబట్టి ఇవాళ ములాఖత్‌లో డ్రగ్ అందిస్తారు. డోసు గుర్రాన్ని కూలదోసేంత. ఎవరో ముసలావిడ తెస్తోందని నెమలి సమాచారం."

నెమలి అంటే గ్యాంగ్‌లో దూరిన డిపార్ట్‌మెంట్ మనిషి. ఏజెంట్ ట్వెల్వ్‌కి స్వయానా మరదలు, ఆ తమ్ముడి పెళ్ళాం.

విగ్గు, ఖాకీ చొక్కా, బుగ్గ మీద రబ్బరు పులిపిరి. ట్వెల్వ్ జైలు గేటు దగ్గర తనిఖీ చేసే ఆడమనిషి అయిపోయింది. ముసలావిడ రానే వచ్చింది. ఆవిడ ఏడుస్తున్నా వినకుండా ట్వెల్వ్ పళ్ళసెట్టు కూడా తీయించి చూసింది. అందులో పళ్ళే ఉన్నాయి.

వెనకే నెమలి. నల్లకళ్ళద్దాలు, వీధి చివరిదాకా కొట్టే సెంటు. పోలీసు కుక్క ఒక్క తుమ్ము తుమ్మి ఊరుకుంది. సంచీ స్కానర్‌లో క్లియర్.

"మా ఆయన బట్టలండీ. నేనే ఉతికి, గంజి పెట్టి తెచ్చా," అంది గారాలు పోతూ. వదినని గుర్తుపట్టలేదు. ట్వెల్వ్ లోపలికి వదిలేసి, తనూ వెనకే ములాఖత్ గదిదాకా వెళ్ళింది.

అద్దం అవతల తమ్ముడు సంచీ విప్పి టవల్ భుజాన వేసుకున్నాడు. అది వేలాడలేదు. అట్టముక్కలా నిలబడింది.

టవల్‌కి గంజా? జన్మలో జేబురుమాలు ఉతికి ఎరగని మనిషికే తట్టే అబద్ధం! గంజి కాదది. సరుకులో నానబెట్టి ఆరేశారు.

నెమలి అద్దంలోంచి చప్పరించమన్నట్టు పెదవి మీద వేలు ఆనించి చూపించింది. వాడు టవల్ కొస నోట్లో పెట్టుకోబోయాడు.

ట్వెల్వ్ తలుపు తన్ని లోపలికి దూకింది. పళ్ళ మధ్యకి వెళ్ళిన కొసని లాగేసింది. వాడు ఆమె వేలు కొరికాడు.

"ఎవర్తివే నువ్వు!"

"మీ అక్కనిరా."

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా! ఒక్కసారి చప్పరించనీ!"

చెంప పగిలేలా ఒక్కటిచ్చి, టవల్‌తో ఇవతలికొచ్చింది.

"వదినా, మీరా!" నెమలి నవ్వింది. "నేను మన మనిషినే కదా. అది ఉత్త గంజి."

"అయితే నువ్వు చప్పరించు."

లిప్‌స్టిక్ పెదవులు బిగుసుకున్నాయి. ట్వెల్వ్ మరదలి జుట్టు పట్టుకుని, టవల్ కొస ఆ పెదవులకి ఆనించి, సంకెళ్ళు వచ్చేదాకా తీరిగ్గా అలాగే నిలబడింది. ఎంతైనా ఆడపడుచు.

"తమ్ముడెలా ఉన్నాడు?" ఫోన్‌లో చీఫ్.

"బాగున్నాడు సార్. చచ్చినా నా మొహం చూడనని ఇందాకటి నుంచి అరుస్తున్నాడు. గొంతు ఖంగుమంటోంది. రేపు కోర్టుకి పనికొస్తుంది."