లోపల వదిలిన గుడ్డ

పొద్దున్నే కొత్త యూనిఫారం కోటు తొడుక్కుని గుండీ పెట్టుకోబోయిన జాజి అద్దం ముందే ఆగిపోయింది. గుండీకీ కాజాకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉంది. పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ ప్రయత్నించింది. ఎడం కాస్త తగ్గింది గానీ, అలా ఊపిరి బిగబట్టుకుని రోజంతా రైల్వే టికెట్ల కౌంటర్లో కూర్చోవడం ఎవరి తరం? "కొలతలు తగలేశారు వీళ్ళు," అని కంపెనీవాళ్ళని తిట్టుకుంటూ కోటు విప్పేసింది.

అసలు జాజి ఆమె పేరు కాదు. రెండేళ్ళ కిందట పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని, సగం మనిషై తిరిగొచ్చి కౌంటర్లో కూర్చుంటే, తోటివాళ్ళు ముచ్చటపడి 'సన్నజాజి' అని పిలిచారు. ఆ పేరు ఇంటికొచ్చి జాజి అయింది. మొదట్లో ఆ పిలుపు వింటేనే నడకలో హుషారు వచ్చేది. ఈమధ్య ఎవరైనా అలా పిలిస్తే, చేతిసంచీ తెచ్చి పొట్టకి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది.

యూనిఫారానికి సైజెంతని సూపర్‌వైజరు అడిగినప్పుడు ఆపరేషన్ అయిన ఏడాది సైజే చెప్పింది. అందులో అబద్ధమేముంది? ఇంట్లో ఉన్న గౌన్లూ చొక్కాలూ అన్నీ ఇప్పటికీ ఒంటికి సరిపోతూనే ఉన్నాయాయె. తూకం యంత్రమంటారా, అది ఎప్పుడో అటకెక్కింది. ఇల్లు ఇరుకైపోయిందని తనే ఎక్కించింది.

కోటు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. ఆ గదే ఆమె భర్త దుకాణం. ఆయన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. ఓ మూల కుర్చీలో అత్తగారు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. చూపు కాస్త మందగించినా, ఆవిడ చెవులూ నోరూ మాత్రం పదునుగానే ఉన్నాయి.

"కాస్త వదులు చేసి పెట్టండి. తప్పుగా కుట్టారు," అంది జాజి.

ఆయన కోటు తిరగేసి పక్క కుట్లు తడిమి చూశాడు. ముఖంలో రంగు మారింది. "దీంట్లో విప్పడానికేం లేదు. రెడీమేడువాళ్ళు లోపల గుడ్డ వదలరు," అన్నాడు తలెత్తకుండా.

"అదేంట్రా?" అంది అత్తగారు. "దాని బట్టలన్నీ విప్పి కుడుతూనే ఉన్నావుగా. మొన్న ఆ నీలం గౌను రెండోసారి కూడా విప్పితివి. ఈ కోటొక్కటే నీకు లొంగలేదా?"

జాజి వెనక్కి తిరిగి పడకగదిలోకి వెళ్ళి, బీరువాలోంచి నీలం గౌను లాగి తిరగేసింది. పక్క కుట్టుకి ఇవతల సూదిపోటు చిల్లుల వరస ఒకటి, దానికి ఇవతల ఇంకొకటి కనిపించాయి. లోపల మడిచిపెట్టి ఉన్నన్నాళ్ళూ ఎండ తగలని గుడ్డ వెలవలేదు. అది ఇప్పుడు బయటికొచ్చి, రెండు పక్కలా ముదురు నీలం చారలా ఉంది. ఒక్కొక్క గౌనూ, ఒక్కొక్క చొక్కా తీసి చూసింది. అన్నింటికీ అదే జాడ.

వాటన్నింటినీ చేతులనిండా ఎత్తుకొచ్చి కుట్టుమిషన్ మీద పడేసింది.

"ఎన్నాళ్ళనుంచి జరుగుతోందిది?"

"పోయినేడు వర్షాలప్పటినుంచి," అన్నాడు.

"ఆపరేషన్ తర్వాత ఇవి కుట్టినప్పుడు ఇంత గుడ్డ లోపల దాచారంటే, ఆ రోజే అనుకున్నారన్నమాట. ఇది మళ్ళీ లావైపోతుంది, ఎందుకైనా మంచిదని."

ఆయన చివుక్కున తలెత్తాడు. "ఎవరికి కుట్టినా నేను అంత గుడ్డ వదులుతాను. సన్నగా ఉన్నవాళ్ళకీ వదులుతాను. నా పనితనం మీద ఏమన్నా అను, పడతాను. ఆ మాట మాత్రం అనకు."

"డైటీషియనమ్మ ఏం చెప్పింది? మీరు నా పక్కనే కూర్చున్నారు కదా."

ఆయనకి ఆ మాట గుర్తు లేకపోవడమేమిటి? ఆపరేషన్ అయి ఇంటికొచ్చే రోజున ఆవిడ ఇద్దర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. తగ్గిన బరువు మళ్ళీ రావచ్చు, చాలామందికి కొంతైనా వస్తుంది, తూకం చూసుకోవడానికి మనసొప్పకపోయినా మీ బట్టలే ముందు చెబుతాయి, నడుం దగ్గర బిగిసిన రోజే నాకు ఫోన్ చేయండి అంది. బట్టలు చెబుతూనే వచ్చాయి. వాటి నోరు ఈ పెద్దమనిషి నొక్కేశాడు.

ఎందుకలా చేశాడో ఆయన తడబడుతూ చెప్పుకొచ్చాడు. ఆపరేషన్‌కి ముందు ఒకసారి బట్టల షాపులో ఏదీ పట్టక, ఆమె ట్రయల్ రూంలో తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. ఆ రోజు ఆమె ముఖం ఆయన మరిచిపోలేదు. పోయినేడు చొక్కా గుండీతో ఆమె కుస్తీ పడుతుంటే అదే ముఖం మళ్ళీ కనిపించింది. ఇస్త్రీ చేస్తానని చొక్కా పట్టుకుపోయి కుట్టు విప్పేశాడు. మర్నాడు అది సరిపోయిందని ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో చొక్కా, తర్వాత ఈ గౌను.

"నీ ముఖం చిన్నబోకూడదనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. ఆ చాక్లెట్ కాగితాలు కూడా..." అని ఆగాడు.

"ఏ కాగితాలు?"

"విప్పేటప్పుడు జేబుల్లో దొరికేవి. అమ్మ చూస్తుందేమోనని నేనే పారేసేవాణ్ణి."

జాజికి తల కొట్టేసినట్టయింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కొలతలిచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూలబడింది. ఎవరికీ తెలియదనుకుంది. అన్నం నాలుగు ముద్దలు తింటే నిండిపోయే ఆ చిన్న పొట్టలోకి చాక్లెట్టూ, ఐస్‌క్రీమూ, పంచదార పాలూ ఎంతైనా చల్లగా జారిపోయేవి. ఒక రైలు వెళ్ళి ఇంకో రైలు వచ్చేలోపు, కౌంటరు అద్దం మీద 'విరామం' అట్ట పెట్టి, వెనక్కి తిరిగి తినేది. అందరి ముందూ మాత్రం పిచ్చుకలా గింజలు ఏరుకునేది. ఆసుపత్రినుంచి ఫోన్ వస్తే డ్యూటీ ఉందని చెప్పి తప్పించుకునేది. ఇంత దాచిన ఒళ్ళు భర్త చేతుల్లో గుడ్డ మడతల్లో ఎప్పుడో బయటపడిపోయిందన్నమాట. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

"ఈ బట్టలు బిగిసుంటే నేనెప్పుడో వెళ్ళేదాన్ని. మీ వల్లే..." అని మొదలుపెట్టి, ఒళ్ళో పడిన నీలం గౌను మీది ముదురు చార చూసి ఆగిపోయింది. దాని మీద వేలితో రాస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా అంది.

"లేదు. ఈ చార నేను చూశాను. తొడుక్కున్న ప్రతిసారీ కనబడేది. చేతుల నీడ పడి అక్కడ రంగు నిలిచిందని నాకు నేనే చెప్పుకున్నాను. దర్జీ పెళ్ళాన్ని, నాకు తెలియదా అది ఏమిటో?"

అని భోరుమంది. ఆయన లేచి వచ్చి ఏం చేయాలో తోచక ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. అత్తగారు బఠాణీల గిన్నె పక్కన పెట్టి, తడుముకుంటూ వచ్చి కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"నీకు దాచి వాడు, వాడికి దాచి నువ్వు. బాగుంది మీ కాపురం. మధ్యలో నోరుజారి నేను చెడ్డదాన్నయ్యాను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆపరేషన్ గదిలోకి ఒక్కదానివే వెళ్ళావమ్మా. ఈసారి డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళదాం," అంది.

జాజి కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. ధైర్యం సడలిపోకముందే చేసేయాలనుకుంది. డైటీషియనమ్మ గొంతు గుర్తుపట్టి, ఎన్నాళ్ళయిందమ్మా అని పలకరించింది. తిట్లు పడతాయని తలవంచుకుని జరిగినదంతా చెప్పేసింది జాజి. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"బరువు పెరిగినవాళ్ళని చూసి నేను భయపడను. దానికి తిండి మార్చుకోవచ్చు, అవసరమైతే డాక్టరుగారు మందులిస్తారు. పెరిగామని సిగ్గుపడి రావడం మానేసినవాళ్ళే నా బెంగ," అందావిడ. రేపే రమ్మని చెప్పి, ఇంట్లో టేపుంటే ఒకసారి నడుము కొలత చూసి చెప్పమంది.

ఇంట్లో టేపుందా అని అడిగినందుకు ఆ ఏడుపులోనూ జాజికి నవ్వొచ్చింది. లేచి నిలబడి చేతులు పక్కకి చాపింది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఆమెకి టేపు పెట్టి ఎరగడు, కంటితో చూసి కత్తిరించేసేవాడు. మొహమాటపడే ఆడవాళ్ళు వస్తే ఆయనకో పద్ధతుంది. కొలత పైకి చెప్పడు, అంకె మీద బొటనవేలు నొక్కిపట్టి బల్ల దగ్గరికి వెళ్ళిపోతాడు. ఇప్పుడూ టేపు చుట్టి, అలవాటుగా బొటనవేలు నొక్కి పక్కకి తిరగబోయాడు.

"పైకి చెప్పండి," అంది జాజి.

ఆయన అంకె మీంచి బొటనవేలు తీశాడు. "నలభై ఒకటి."

"నలభై ఒకటండీ," అని ఆమె ఫోన్లో గొంతు తగ్గించకుండా చెప్పింది.

ఆ తర్వాత కోటు గుండీ పెట్టుకోకుండానే డ్యూటీకి బయల్దేరింది. పెద్ద సైజు కావాలని సూపర్‌వైజరుకి తనే చెబుతానంది. ఆయన గుమ్మం దాకా వచ్చి, నీలం గౌను చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"దీన్ని మళ్ళీ పాత కుట్టుకి తెచ్చేయనా?"

"వద్దు. ఇక దాన్ని విప్పనూ వద్దు, కుట్టనూ వద్దు," అంది జాజి చెప్పులు వేసుకుంటూ. "బిగుసుకుంటే బిగుసుకోనివ్వండి. అది చెప్పేది ఈసారి నన్ను విననివ్వండి."