నల్లోడి గోళ్లు

ఆదివారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు వంటింటి గుమ్మం దగ్గర కుక్క గోరు తగిలి నాయనమ్మ మోకాలి కింద చర్మం చీలింది. కుక్క కరవలేదు. ఆమె చేతిలో బిస్కెట్ చూసి ముందుకాళ్లు పైకెత్తింది. దించేటప్పుడు గీరుకుంది.

ఇంకొకరికైతే అది నీళ్లతో కడిగి వదిలేసే గీత. నాయనమ్మ గుండె ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటోంది. కొడుకు తువ్వాలు అదిమి పట్టుకున్నాడు. అది తడిసింది. రెండోది తెచ్చారు. అదీ తడిసింది. వీధి చివర క్లినిక్‌లో నర్సు దూది పెట్టి గట్టిగా కట్టు కట్టాక రక్తం ఆగింది. ఇంటికి వచ్చేసరికి కుక్క మంచం కింద దూరి ఉంది.

దాని పేరు నల్లోడు. ఒళ్లే కాదు, గోళ్లూ నలుపే. తెల్ల గోళ్లకైతే లోపల రక్తం ఉండే పచ్చి భాగం పైకి కనిపిస్తుంది, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నల్ల గోళ్లకు కనిపించదు. కత్తిరిస్తే పచ్చి తెగుతుంది కాబట్టి అరగదీయమని పశువుల డాక్టరు చెప్పాడు. వీడి గోళ్లు మొండివి. వారం తిరిగేసరికి మళ్లీ నేలమీద టకటకమంటాయి. మనవరాలు కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ పక్కన పడేసిన అరగదీసే మెషిన్ అడిగి తెచ్చుకుంది. దాన్ని చూడగానే నల్లోడు వణికేవాడు. ఒకటి రెండు గోళ్లకు మించి పట్టనిచ్చేవాడు కాదు. ఈమధ్య ఆ పని వాయిదా పడుతూ వచ్చింది.

కొడుకు సిటీ బస్సు డ్రైవరు. వాళ్ల డిపో వాచ్‌మన్‌కి పెరడున్న ఇల్లుంది. రక్తం అంటిన చొక్కా మార్చుకోకుండానే అతనికి ఫోన్ చేశాడు. సాయంత్రం వచ్చి కుక్కను తీసుకెళ్తానన్నాడతను.

మనవరాలు ముందు బతిమాలింది, తర్వాత గొడవకు దిగింది. గోళ్లు వదిలేసింది తనేనని, తప్పు తనదని, ఇవాళే తీస్తానని చెప్పింది. ఈ మాట ఎన్ని వారాల నుంచి వింటున్నానో లెక్కలేదన్నాడు తండ్రి. పళ్ల డాక్టరమ్మకి పళ్లే కనిపిస్తాయి గానీ గోళ్లెక్కడ కనిపిస్తాయన్నాడు. కోడలు ఇద్దరి మధ్యా నిలబడి, అత్తయ్య పడుకున్నారు, కాస్త మెల్లగా మాట్లాడుకోమంది.

"మెల్లగా ఏముంది? సంభాళించలేనప్పుడు ఇంట్లో పెట్టుకోకూడదు. అంతే."

నాయనమ్మ పడుకోలేదు. పక్క గదిలోంచి వాకర్ చప్పుడు విని ముగ్గురూ అటు తిరిగారు.

"ఆ మెషినేదో తీసుకురావే" అంది మనవరాలితో. "కాలు నేను పట్టుకుంటాను."

"మతి పోయిందా అమ్మా నీకు?"

"పోతే నా మతే పోయింది. నువ్వు అడ్డు లే."

బాల్కనీలో కుర్చీ వేశారు. ఆమె కాళ్లమీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి కప్పారు. ఆమెకు కొడుకు డ్యూటీ జర్కిన్ తొడిగారు. నల్లోడి మూతికి పట్టీ కట్టారు. వాడి నడుము కోడలు పట్టుకుంది. కొడుకు ఉతికిన తువ్వాలు ఒకటి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

మెషిన్ తిరగడం మొదలవగానే నాయనమ్మ ఒళ్లో కుక్క కాలు వణికింది. ఆమె చేతులూ వణికాయి.

"వణుకుతోంది నువ్వా నానమ్మా, వాడా?"

"ఇద్దరం. నువ్వు కానీయ్."

మనవరాలు ల్యాబులో పన్ను పట్టుకున్నట్టే గోరు పట్టుకుంది. తిరిగే చక్రాన్ని కొనకు ఆనించి, అంచు నున్నబడేదాకా తీయలేదు. నల్లోడు కాలు గుంజాడు. గోళ్లు జర్కిన్ చేతిమీద గీరాయి. కోడలు కళ్లు మూసుకుంది. కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. నాయనమ్మ కాలు వదల్లేదు. గోటి కొనమీద బొటనవేలు పెట్టి వెంటనే తీసేసింది.

"ఆపవే. ఇది కాలిపోతోంది."

మనవరాలు ముట్టుకుని చూసింది. వేలు ఆనించలేకపోయింది. మెషిన్ ఆపేసి అక్కడే కూలబడింది. ఇన్నాళ్లూ వాడు చప్పుడుకి భయపడుతున్నాడనుకున్నానంది. కట్టుడు పన్నుకి నొప్పి ఉండదు, ఒకేచోట అదిమిపెట్టి అరగదీయడం చేతికి అలవాటైపోయిందంది. ముక్కు తుడుచుకుని చక్రం వేగం తగ్గించింది. ఆనించి తీసింది. ఆనించి తీసింది. ప్రతిసారీ నాయనమ్మ వేలు పెట్టి చూసి "ఊఁ" అన్నాకే మళ్లీ ఆనించింది. గోటి మధ్యలో చిన్న చుక్క కనిపించగానే ఆపేసింది. పచ్చి దగ్గరపడిందనడానికి అదే గుర్తు. నల్లోడు వణుకుతూనే ఉన్నాడు గానీ కాలు గుంజలేదు.

ముందుకాళ్లు రెండూ అయ్యాక నాయనమ్మ కొడుకు వైపు చూసింది.

"సంభాళించామా లేదా?"

"సరేలే అమ్మా. వచ్చేవారం ఏం చేస్తావు?"

"వచ్చేవారం సంగతి నాకేం తెలుసు? పొద్దున నువ్వన్న మాట విన్నప్పటి నుంచీ ఒకటే దడ. బాత్రూంకి వెళ్లాలంటే నాకు మనిషి సాయం కావాలి. మాత్రలు మర్చిపోతాను. రెండుసార్లు పడ్డాను. వాడి తర్వాత వరస ఎవరిదిరా?"

కోడలి చేతులు కుక్క మీంచి జారాయి. కొడుకు గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"నాకు భయమేసిందమ్మా" అన్నాడు. "ఒకటి తడిసింది, రెండోదీ తడిసింది. ఎంత అదిమినా ఆగలేదు. నా చేతికిందే నువ్వు పోతున్నావనిపించింది. ఆ భయం దానిమీద చూపించాను. నిన్ననుకోలేదు. నిన్నెలా అనుకుంటాను?"

ఆమె చెయ్యి చాపితే అందలేదు. అతనే దగ్గరికి జరిగి ఆమె ఒళ్లో దుప్పటిమీద తల పెట్టాడు. ఇద్దరూ ఏడ్చారు. మనవరాలు నల్లోడి మూతి పట్టీ విప్పి నీళ్లు పెట్టింది.

కొడుకు వాచ్‌మన్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఏమైందని అతనడిగితే, మా అమ్మ ఒప్పుకోలేదన్నాడు. తర్వాత జర్కిన్ తను తొడుక్కుని వెనక కాళ్లు పట్టుకున్నాడు. గోళ్లు ఎనిమిది. దేనికీ రక్తం రాలేదు.