ఆపరేషన్ అడవివరి

రెండో గుక్క కాఫీ ఎర్ల్ గోకీ గొంతు దిగలేదు. కప్పు జారి రిపోర్టుల మీద పడింది. కుర్చీతో సహా ఆయన పక్కకి ఒరిగిపోయాడు. అమెరికన్ ఆదివాసీ తెగ ఉండే ఆ రిజర్వేషన్‌లో వాటర్ ఆఫీసుకి డైరెక్టర్ ఆయనే. అంబులెన్స్ వచ్చేసరికి నాడి ఆడుతోంది గానీ నోట మాట లేదు.

ఇరవై నిమిషాల తర్వాత మార్లిస్ కింగ్‌బర్డ్ ఫోన్ మోగింది. ఊళ్లో అందరికీ ఆమె అదే ఆఫీసులో నీటి శాంపిల్స్ పట్టే ఉద్యోగిని. వాషింగ్టన్‌లో ఒక్క మనిషికి మాత్రం ఏజెంట్ నైన్.

"కాఫీలో మందు కలిపారు," అన్నాడు ఆ మనిషి, ఆమె చీఫ్. "బతుకుతాడు. కానీ రేపటిదాకా కళ్లు తెరవడు. వాళ్లకి కావలసింది ఆ ఒక్క రోజే."

మార్లిస్‌కి విడమర్చి చెప్పనక్కర్లేదు. సరస్సుకి ఎగువనున్న చిత్తడి నేలని పూడ్చి నికెల్ గని తవ్వాలని ఓ కంపెనీ ఫెడరల్ పర్మిట్ అడిగింది. బోర్డు మీద అమెరికన్ పేరు, వెనకాల విదేశీ ముఠా. మా నీళ్లు చెడవని తెగ సర్టిఫై చేస్తే తప్ప ఆ పర్మిట్ రాదు. కానీ ఏడాదిలోపు తెగ ఏ జవాబూ ఇవ్వకపోతే ఆ హక్కు వదులుకున్నట్టే. ఆ ఏడాది ఈ సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. గని నీటిలోని సల్ఫేట్‌కి సరస్సులో తనంతట తాను పండే అడవివరి చచ్చిపోతుందని లెక్కలతో రాసి, సర్టిఫికెట్ ఇవ్వబోమని ఎర్ల్ ఉత్తరం తయారుచేశాడు. సంతకమే మిగిలింది.

"ఆయన కాకపోతే సంతకం చేసే హక్కు ఎవరికుంది?"

"డిప్యూటీకి. లోరీన్ స్కినవే, మా అత్త. పడవలో తిరిగి కర్రతో వరి గింజలు దులపడానికి సెలవు పెట్టింది, చీఫ్. సరస్సులో ఉంటుంది, ఫోన్ తీసుకెళ్లదు."

"పట్టుకో. ఇంటర్నెట్ కేబుల్ నరికేశారు, మెయిల్ మీద ఆశ పెట్టుకోకు. అసలు కాగితం హార్మన్ జంక్షన్ పర్మిట్ ఆఫీసులో చేతికివ్వాలి. రేవు దగ్గర మన మనిషి కలుస్తుంది. 'గింజ రాలుతోందా?' అంటుంది. 'గాలి రానివ్వు' అను."

రేవులో ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్లద్దాలతో నిలబడిన మనిషిని చూసి మార్లిస్ కాళ్లు ఆగిపోయాయి. వివియాన్ థోర్సెల్. గని కంపెనీ జలనిపుణురాలు. పోయిన నెల పర్మిట్ హియరింగ్‌లో ఇద్దరూ ముఖాముఖి వాదులాడుకున్నారు.

"గింజ రాలుతోందా?" అంది వివియాన్.

"...గాలి రానివ్వు. నువ్వా?"

"ఆరేళ్లుగా రెండు పడవల మీద కాళ్లు. నడువు."

కోడ్ చెప్పినంత మాత్రాన నమ్మేయడం మార్లిస్‌కి అలవాటు లేదు. వరి మధ్యలో అత్త పడవ దొరికాక, ఆఫీసు నుంచి తెచ్చిన ఉత్తరం రెండు ప్రతుల మీదా సంతకం చేయించింది. ఒకటి జాకెట్‌లో పెట్టుకుంది. వివియాన్ అటు తిరిగినప్పుడు రెండోది చుట్టి, తాను తెచ్చిన, వరి దులిపే దేవదారు కర్రలో దోపింది. లోపల బోలు, చివర మర. చీఫ్ పంపిన సరంజామాలో పనికొచ్చింది అదొక్కటే.

తన పడవ నడిపే మామయ్యని వరితో ఇంటికి పంపి లోరీన్ వీళ్ల పడవెక్కింది. "ఎవర్తే ఈ సినిమాతార?" అంది.

"పడమటి రేవులో వాళ్ల మనుషులున్నారు," అంది వివియాన్. "తూర్పు ఒడ్డుకి పోనీ. నా కారు అక్కడే ఉంది."

తూర్పు ఒడ్డున కారుతో పాటు మూడు తుపాకులు కూడా ఉన్నాయి. మధ్యలో బూడిదరంగు సూటులో ముఠా నాయకుడు రాండా.

"శభాష్ వివియాన్," అన్నాడు.

మార్లిస్ చురుగ్గా వివియాన్ వైపు తిరిగింది.

పడవల షెడ్డులో వివియానే వాళ్ల చేతులు వెనక్కి విరిచి కట్టింది. ఒకడు కర్రల్ని మూలకి విసిరేశాడు. రాండా జాకెట్‌లోంచి ఉత్తరం లాగి లైటర్ వెలిగించాడు.

"మమ్మల్నీ తగలెట్టేయకపోయావా!" అంది లోరీన్.

"మనుషులు పోతే గడువు పొడిగిస్తారమ్మా. ఆలస్యమైతే ఎవరూ పొడిగించరు. నిద్రపోయారని నవ్వుకుంటారు. వివియాన్, ఎప్పటిదాకా?"

"ఆఫీసు మూసేది ఐదింటికి. మీ గడియారంలో ఐదయ్యేదాకా వీళ్లని కదలనివ్వద్దు."

గంటలు గడిచాయి. మణికట్లు ఒరుసుకుపోయాయి. "ఇంకో పది నిమిషాలు," అన్నాడు రాండా. మార్లిస్ మెడ తిప్పి వెనక్కి చూసింది. తన వాచీలో నాలుగింటికి పది తక్కువ. ఆగిపోయిందనుకుంది. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది.

అప్పుడు తట్టింది. టైం మారే గీత ఈ సరస్సు మీదుగానే పోతుంది. తూర్పు నుంచి దిగిన రాండా వాచీ తూర్పు టైములో ఉంది. హార్మన్ జంక్షన్ పడమట ఉంది. అక్కడ గంట వెనక!

లోరీన్ పలకల సందులోంచి ఎండ చూసి, "అదేంటే, ఇంకా నాలుగే..." అంటుండగానే మార్లిస్ ఆమె మడమ మీద తన్నింది.

రాండా తిరిగాడు. "ఏంటి నాలుగు?"

"నాలుగు మెతుకులైనా తినలేదు పొద్దున్నుంచీ," అంది లోరీన్ కన్నార్పకుండా. "పెట్టే ఉద్దేశం ఉందా లేదా?"

రాండా పకపకా నవ్వాడు. వాచీలో ఐదవడం చూసుకుని మనుషులకి సైగ చేసి, నీళ్ల మీద ఆగిన విమానం వైపు నడిచాడు. వివియాన్ ముడులు సరిచూస్తున్నట్టు వంగింది. తాడు సడలింది. మార్లిస్ అరచేతిలో కారు తాళం పడింది.

"హార్మన్ జంక్షన్‌కి యాభై మైళ్లు," అని వివియాన్ గుసగుసలాడింది. "విమానం దిగేచోట మనవాళ్లు కాచుకున్నారు. అనుమానం రాకూడదు, నేనూ ఎక్కాలి."

"ముందే చెప్పొచ్చుగా!"

"నీ ముఖానికి అబద్ధం రాదు. హియరింగ్‌లో చూశాను."

విమానం లేచేదాకా ఆగి, అత్త కట్లు విప్పి, మార్లిస్ కర్ర అందుకుని కారు దూకించింది. సగం దూరం మట్టిరోడ్డే. దుంగల లారీ ఒకటి పది మైళ్లు దారివ్వలేదు. "హారన్ కొట్టవే, వాడేమైనా మీ మావగారా!" అని లోరీన్ అరుస్తూనే ఉంది.

పర్మిట్ ఆఫీసులో గుమాస్తా కౌంటర్ షట్టర్ సగం దించాడు. మార్లిస్ దాని కింద కర్ర అడ్డుపెట్టి మర తిప్పింది. ఉత్తరం బల్ల మీదకి జారింది. గుమాస్తా మూడు పేజీలూ తిప్పాడు. సంతకం దగ్గర ఆగాడు. తేదీ ముద్ర యంత్రం సగంలో ఇరుక్కుంది. లోరీన్ చెయ్యి చాచి దాన్నొక్కటి చరిచింది.

ఠక్!

నాలుగు గంటల యాభై తొమ్మిది నిమిషాలు. తెగ కాదంది. ఇక ఆ పర్మిట్ రాదు.

మార్లిస్ బల్ల పట్టుకుని నిలబడింది. గుమాస్తా గోడ గడియారం వంక చూసి, ఆమె వంక చూసి నొచ్చుకున్నాడు.

"ఇంకా నిమిషం టైముంది కదా మేడమ్. ఎందుకంత కంగారు?"