నీలం దారం కుట్లు

అరబ్బు దేశంలో, అమ్ఘరా దాటినాక ఎడారిలో మా గొర్రెల దొడ్డి. నేనూ, రాయచోటి హుస్సేన్ వలి కాపలా. నేను పుట్టి పెరిగింది మందలోనే. గొర్రెల సంగతి నాకెవరన్నా చెప్పబోతే ఒళ్లు మండుతుంది.

ఆ పొద్దు మా యజమాని కఫీల్ ముద్దుగా చూసుకునే తెల్లగొర్రె కవలల్ని ఈనింది. ఒక పిల్ల చచ్చి పుట్టింది. రెండోదాన్ని తల్లి పొదుగు దగ్గరికే రానీకుండా తన్నేసింది. అది బతికితేనే నీకు సెలవని కఫీల్ తేల్చి చెప్పి పోయినాడు. నా కూతురు పుట్టినాక నేనింకా దాని మొగం చూడలేదు.

మా పక్క దూడ చస్తే తోలులో గడ్డి కూరి ఆవు ముందర నిలబెడతాం. ఆవు దాన్ని నాకుతూ పాలు చేపుతుంది. నేనూ అదే పని చేసినా. చచ్చిన పిల్ల తోలు ఒలిచినా. గడ్డి అయిపోయింది. మిష్రిఫ్ బంగళాల్లో తోటపని చేసే చిన్నపుల్లయ్య తెచ్చి పడేసిన ఎండాకు ఉంటే అదే కూరి, దాణా సంచి నీలం దారంతో కడుపు కుట్టినా.

హుస్సేన్ వలి ఆకు నలిపి చూసినాడు. "అన్నా, ఇది గన్నేరు."

గన్నేరును ఏ గొర్రె ముడుతుంది? మా చేలకు కంచె వేసేదే ఆ ధైర్యంతో. తాతకు దగ్గులు నేర్పొద్దని కసురుకున్నా.

తల్లి ఆ తోలును నాకింది. పాలు చేపింది. బతికిన పిల్ల కడుపునిండా తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తొట్టికి నీళ్లు పట్టి వచ్చేసరికి గొర్రె కుట్లు కొరికేసి, లోపలి ఆకంతా తినేసింది. బిడ్డ వాసనకు చేదు కూడా తెలియలేదు, పిచ్చిదానికి.

మధ్యాహ్నం దుమ్ము లేచింది. పట్టపగలే చీకటి. పైన రేకులు గడగడ కొట్టుకుంటున్నాయి. ఆ చీకట్లో గొర్రె కూలింది.

కాళ్లతో నేల తవ్వింది. ఎర్ర నురగ కక్కింది. తల ఎత్తెత్తి ఇనుప కడ్డీకి కొట్టుకుంది... దవడ పగిలింది... ఇంకా కొట్టుకుంది. తరవాత ఊపిరి ఆగింది.

అప్పుడు వినబడింది. చప్... చప్... చప్...

ఎవరో పాలు తాగుతున్నారు.

సెల్‌ఫోన్ లైటు వేసినా. చచ్చిన గొర్రె పొదుగు కింద, చదునుగా పడి ఉండాల్సిన ఖాళీ తోలు... నాలుగు కాళ్లమీద నిలబడింది. గుటక గుటకకూ దాని కడుపు ఉబ్బుతోంది.

పార ఎత్తి నరికినా. వెచ్చని నెత్తురు మొగాన చిమ్మింది. మళ్లీ నరికినా. "అన్నా, ఆపు..." అని హుస్సేన్ వలి నా చెయ్యి పట్టుకున్నాడు.

దుమ్ము తగ్గింది. పార కింద ముక్కలై పడి ఉంది... బతికిన పిల్ల. తోలు ఎక్కడా లేదు. తల్లి పక్కన ఇంకో పిల్ల నిలబడి అరుస్తోంది.

కఫీల్ వచ్చినాడు. గొర్రె చచ్చినందుకు తిట్టినాడు. ముక్కలు చచ్చి పుట్టిన పిల్లవే అనుకున్నాడు. పిల్లనెత్తుకుని ముద్దాడి, ఖలాస్, నీ సెలవు ఖాయమని పిల్లను నా చేతుల్లో పెట్టి పోయినాడు. అది వెచ్చగా ఉంది. నా వేలు నోట్లోకి లాక్కుంది.

హుస్సేన్ వలి గుసగుసగా అన్నాడు. "కడుపు చూడన్నా."

నీలం దారం. తల్లి కొరికేసిన కుట్లే. ఎవరో మళ్లీ కుట్టినారు... లోపలి వైపు నుంచి.