రెండో తుపాకీ దొరికిన రాత్రి

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నా చేతిలో కొంచెం తారుమారు కావచ్చు. ఈ మధ్య వరుసలే నన్ను మోసం చేస్తున్నాయి. అందుకే గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను.

యాప్రాల్‌లో ఒక సందు చివర ఇల్లుంది. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ గేటు ముందు నుంచి ఎవరూ నడవరు. కుక్కను తిప్పేవాళ్లు కూడా అవతలి పక్కకు మారిపోతారు. మూసిన కిటికీల వెనక ఇనుము మీద గుడ్డ రుద్దుతున్న చప్పుడు... మెల్లగా, ఓపికగా... వస్తుందని చెప్పుకుంటారు.

ఆ ఇల్లు హరికిషన్‌ది. తుపాకులంటే ఆయనకు ప్రాణం. వేటకు కాదు, ఏరి తెచ్చుకుని చూసుకోవడానికి. లైసెన్సు మీద రెండు అసలు తుపాకులు, గోడ నిండా గాలి తుపాకులు. ఆయన గుండెపోటుతో పోయాక భార్య స్వర్ణలత సైనిక్‌పురిలో ఉండే తమ్ముడు దయాకర్ ఇంటికి చేరింది. యాప్రాల్ ఇంటికి తాళం పడింది. కరెంటు కూడా తీసేయించారు.

లైసెన్సున్న మనిషి పోతే తుపాకులు ఠాణాలో అప్పజెప్పాలి. స్వర్ణలత ఒకటి అప్పజెప్పింది. రెండోది, ఆయన అన్నిటికంటే ముద్దుగా చూసుకున్న పాత డబుల్ బ్యారెల్, బీరువాలో లేదు.

తెల్లారి పొద్దున్నకల్లా తేకపోతే కేసు రాస్తామన్నారు ఠాణావాళ్లు. కేసు కంటే ఆమెను వేరే భయం తినేస్తోంది. అది ఏ దొంగ చేతిలోనో పడి, దానితో ఒక ప్రాణం పోతే... ఆ పాపం పోయిన మనిషి పేరు మీద పడుతుంది.

ఆమె మోయిజ్‌కు ఫోన్ చేసింది. బోయిగూడలో ఉంటాడు, బ్యాంకు ఉద్యోగి, హరికిషన్‌కు ఈ పిచ్చిలో జోడీ. ఒక్క విషయంలోనే ఇద్దరికీ పడేది కాదు. మోయిజ్ తన గాలి తుపాకులకు గురి చూసే స్కోపులు, తోలు పట్టీలు, నేల మీద నిలబెట్టే మడతకాళ్లు బిగించి మురిసిపోయేవాడు. "తుపాకీనా, పెండ్లిపిల్లనా గది? ముక్కుపుడక ఒక్కటే తక్కువున్నది" అని హరికిషన్ ఏడిపించేవాడు. ఆయనకు కర్ర, ఇనుము, నూనె ఉంటే చాలు.

బ్యాంకు నుంచి మోయిజ్ నేరుగా యాప్రాల్ వెళ్లాడు. దయాకర్ తాళంచెవితో గేటు దగ్గర స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ తీయలేదు. లోపలికి రమ్మంటే, నువ్వు నడువు, నీ ఎనకనే వస్తున్న అన్నాడు.

మోయిజ్ తాళంచెవి తీసుకుని వెళ్లి తలుపు తీశాడు. మూసిన ఇంటి ముక్కిన వాసన... దాని కింద సన్నగా తుపాకీ నూనె వాసన.

ఫోన్ లైటు పట్టుకుని తుపాకుల గదిలోకి వెళ్లాడు. ఊరికి పోయేటప్పుడు హరికిషన్ ఆ డబుల్ బ్యారెల్‌ను ఈ గదిలోనే ఎక్కడో దాచేవాడని అతనికి తెలుసు. మంచం కింద చూశాడు. లేదు. అటక మీద చూశాడు. లేదు. ఇక మిగిలింది బీరువా వెనక సందు. ఫోన్‌ను బీరువా మీద పెట్టి, ఆ సందులోకి చేతులు దూర్చాడు.

ఫోన్ జారి గోడ పక్కన పడింది. లైటు నేలకు బోర్లాపడి చీకటైపోయింది.

అప్పుడు వినిపించింది. వరండాలో అడుగులు... గడప దాటాయి... గదిలోకి వచ్చాయి.

"దయాకర్, ఫోన్ పడ్డది. జెర లైట్ కొట్టు."

దగ్గర్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. పరాచికాలా అని మోయిజ్ విసుక్కుంటూ చేయి బయటికి లాగి చాచాడు.

ఆ అరచేతిలోకి చల్లటి ఇనుము వచ్చి ఆనింది.

తుపాకీ. రెండు గొట్టాలు. నడుమ దగ్గర మడిచి ఉంది. అలా మడిస్తే తూటాలు పెట్టే చోటు తెరుచుకుంటుంది. లోపల ఖాళీయే, నీ చేతులతో నువ్వే చూసుకో అని అర్థం. ఈ సరదా ఉన్నవాళ్లలో మూసిన తుపాకీ ఎదుటి మనిషి చేతికివ్వడం తిట్టుతో సమానం. మోయిజ్ అలవాటుగా రెండు రంధ్రాల్లోనూ వేలు పెట్టి చూసుకున్నాడు. ఖాళీ. అమ్మయ్య, దొరికింది.

"ఏడ దొరికింది?" అన్నాడు.

అడుగులు మెల్లగా లోపలి గదివైపు వెళ్లాయి... ఆగిపోయాయి.

తడుముకుని ఫోన్ తీసుకుని, తుపాకీని చంకన పెట్టుకుని, మోయిజ్ గేటు దగ్గరికి వచ్చాడు. దయాకర్ స్కూటర్ మీదే ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు.

"దొరికిందా భాయ్?"

"నువ్వే గద ఇచ్చినవ్."

దయాకర్ స్కూటర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. "నేను గేట్ సుత దాటలే భాయ్. ఒట్టు."

ఇద్దరూ వెనక్కి చూడలేదు. తాళం వేయడానికి కూడా ఆగలేదు.

సైనిక్‌పురిలో స్వర్ణలత తుపాకీని ఒళ్లో పెట్టుకుని అంతా వింది. ఎవరిచ్చారని అడగలేదు. భయపడలేదు. ఒక్కటే అడిగింది, గుసగుసగా.

"మోయిజ్ తమ్మీ... మూసి ఇచ్చిండా, తెరిచి ఇచ్చిండా?"

"తెరిచే ఇచ్చిండు భాభీ."

తుపాకీ అంటే ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదు దయాకర్‌కు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మోయిజ్‌కూ తెలుసు. ఆమె కర్ర పిడి మీద అరచేయి రాసి, దీపం దగ్గర పెట్టి చూసుకుంది. ఆయన పోయి నెలలైంది. అరచేతికి నూనె తడిగా అంటుకుంది.

మేబెల్, నీతో బడిలో పనిచేసే షిరీన్ తన భర్త మోయిజ్ నోట విన్నది నీకు చెప్పింది, నువ్వు నాకు చెప్పావు. ఒక్కసారి ఆమెను అడిగి పేర్లు సరిచూడు తల్లీ. గేటు బయట కూర్చున్న అతని పేరు దయాకరో, కాలేబో నాకు రూఢిగా లేదు. లోపల ఉన్నాయన పేరు మాత్రం అడగక్కర్లేదు.