వెనకగది గాలికంత

ఆ మేడలో మూడో అంతస్తు వెనకగదిలో చలికాలం ఎవరూ అద్దెకు దిగేవారు కారు. ఎండాకాలం ఏ గొడవా లేదు, వానాకాలం ఏ గొడవా లేదు... చలి మొదలైందంటే మాత్రం అందులో ఉన్నవాళ్లు మూటాముల్లె సర్దుకునేవాళ్లు. రాత్రిపూట ఎవరో వచ్చి గుండెల మీద కూర్చుంటారట. లేద్దామంటే కాళ్లు కదలవు, అరుద్దామంటే గొంతు పెగలదు. వీధిలోవాళ్లు దానికి ‘కూర్చునే గది’ అని పేరు కూడా పెట్టేశారు.

మొదట పోయినవాడు వాచీలు బాగుచేసే ముసలాయన. ఒంటిగాడు. పైనున్న గాలికంతలోంచి వచ్చే గాలికి చిన్న చిన్న మరలు ఎగిరిపోతున్నాయని దాన్నిండా కాగితాలు కూరుకుని పనిచేసుకునేవాడు. ఒక చలిరాత్రి తలుపు గడియ పెట్టుకున్నాడు... మర్నాడు తలుపు పగలగొట్టి చూస్తే బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. ఒంటి మీద చిన్న గాటు లేదు. మొహం మాత్రం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నవాడి మొహంలా ఉందట. పక్కన కుంపటిలో ఇంత బూడిద ఉంది. దెయ్యం దొరికాక బూడిదను ఎవరు పట్టించుకుంటారు?

తర్వాత దిగిన ఇద్దరూ నెల తిరగకుండానే పారిపోయారు. ఆ తర్వాత దిగినవాడు కోట్ల మాస్టరు. ఆయనకు జరిగింది ఆయన నోటి వెంట విన్నదే చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

కోట్ల మాస్టరంటే దర్జీ. కోట్లు తప్ప ఇంకోటి కుట్టడు. పనిలో చేయి తిరిగినవాడు, మాట మహా పెడసరం. ఇంట్లో భార్య, ఐదు నెలల కూతురు, అత్తగారు. ఆ అత్తగారు అల్లుడికి ఏమాత్రం తీసిపోదు. తన భర్త దర్జీ కొట్లో నలభై ఏళ్లపాటు తప్పు కుట్లు విప్పిన మనిషి. చూపు మందగించింది, మోకాళ్లు పట్టేశాయి, నాలుక మాత్రం మునుపటిలాగే ఉంది. రెండేళ్ల కిందట అల్లుడు కుట్టిన కోటు తడిమి చూసి, ఎడమ భుజం దిగిందని నలుగురి ముందూ అనేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఒకే గదిలో ఉంటూ ఒకరి మాట ఇంకొకరికి ఆ భార్యే చేరవేయాలి. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం? ఇద్దరి మాటల్లోనూ ముళ్లు ఏరేసి, అంచులు మడిచి, మెత్తగా చేసి అందించేది. “ఆ మొద్దుకు చెప్పు” అని తల్లి అంటే, “అమ్మ మిమ్మల్ని అడగమంది” అని మొగుడి దగ్గరికి వచ్చేది. ఇల్లు అలా గడుస్తోంది.

ఆ ఏడు చలి మనుషుల మీద పగబట్టింది. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. చలి సోకితే కష్టమని డాక్టరమ్మ ముందే చెప్పింది. రాత్రిళ్లు ఆ చిన్న వేళ్లు నీలంగా మారుతుంటే మాస్టరు ప్రాణం విలవిల్లాడిపోయేది. ఎవరితోనూ మంచిగా మాట్లాడని ఆ మనిషికి కూతురంటే పంచప్రాణాలు. కరెంటు హీటరు కొనాలంటే తాహతు లేదు, కొన్నా మీటరు తిరుగుడుకు తట్టుకోలేడు.

అందుకని తన విద్యంతా చూపించాడు. కత్తిరించగా మిగిలిన ఉన్ని ముక్కలతో కిటికీకి రెండు పొరల తెర కుట్టాడు. తలుపు కింది సందుకు పాతగుడ్డలు కూరి పొడుగాటి దిండు చేశాడు. అల్లుడు చేసిన దిండు కదా, తలుపు దగ్గర పడుకునే అత్తగారు రాత్రి కాగానే దాన్ని కాలితో పక్కకు తన్నేసేది. అంతవరకూ మంచి పనే. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

కప్పు కింద, పెద్ద ట్రంకు పెట్టెకు పైన, గుప్పెడంత గాలికంత ఉంది. దానికి ఇనప జాలీ. అందులోంచి చలిగాలి ఈల వేసుకుంటూ లోపలికొచ్చేది. మాస్టరు ఒక మందపాటి గుడ్డబిళ్ల కుట్టి ఆ కంతలో కూరాడు. కొట్టు కట్టేసే వేళ ఇస్త్రీపెట్టెలో మిగిలిన బొగ్గు నిప్పుల్ని ఇనప మూకుట్లో పోసుకుని ఇంటికి తెచ్చాడు. ఎలాగూ చల్లారిపోయేవే, ఊరికే వచ్చే వెచ్చదనం. పొగ కూడా లేదు. పొగ లేని నిప్పు ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

ఆ రాత్రి గది వెచ్చబడింది. తెల్లారి లేచేసరికి ఆయనకు తల పగిలిపోతోంది. భార్యకు వాంతి అయింది. చూస్తే గుడ్డబిళ్ల నేల మీద పడి ఉంది... గాలి తోసేసిందనుకున్నాడు.

మూలన అత్తగారు కూతురితో ఏదో కటువుగా చెప్పింది. భార్య మొగుడి దగ్గరికొచ్చి, “అమ్మకు గదిలో కాస్త ఉక్కగా ఉందట” అంది. ఎముకలు కొరికే చలిలో ఉక్క! తనను సాధించడానికి ముసలావిడకు ఇంకేమీ దొరకలేదని మాస్టరు మండిపడ్డాడు.

రెండో రాత్రి బిళ్లను జాలీకి వేసి కుట్టేశాడు. జంట దారం, పదహారు కుట్లు, చివర ముడి. చీమ కూడా దూరదు.

తెల్లారి చూస్తే...

బిళ్ల నాలుగు మడతలు పెట్టి పెట్టె మీద ఉంది. కుట్లు తెంపలేదు. ఒక్కొక్కటే విప్పారు. దారం ఎక్కడా తెగకుండా, అగ్గిపుల్లంత సన్నటి దేనికో పొందిగ్గా చుట్టి పక్కన పెట్టారు.

మాస్టరు ఇద్దరి వైపూ చూశాడు. భార్య రాత్రంతా పిల్లను పొదువుకునే పడుకుంది. అత్తగారా? గోడ పట్టుకోకుండా లేవలేని మనిషి, పెట్టె ఎలా ఎక్కుతుంది? ఆ దారపు చుట్టను గబుక్కున జేబులో పడేసుకున్నాడు.

“ఏమండీ... ఈ గది మనకొద్దు,” అని భార్య గుసగుసలాడింది. ఈ చలిలో పసిదాన్ని వీధిలో పడుకోబెట్టాలా అని ఆయన కసిరాడు. ఆవిడ, రాత్రిళ్లు నిప్పు అవసరమా అని అమ్మ అడుగుతోందని మెల్లగా చెప్పింది. నా కూతురు చలికి పోతే ఆవిడ కళ్లు చల్లబడతాయేమో అడగమన్నాడు మాస్టరు. భార్య తల్లి దగ్గరికి వెళ్లి, “ఆయన ఆలోచిస్తారట అమ్మా,” అంది.

మూడో రాత్రి చలి ఇంకా ముదిరింది. మాస్టరు రెండింతలు నిప్పులు తెచ్చాడు. కంతకు మళ్లీ బిళ్ల కుట్టాడు. భార్యాబిడ్డలు పడుకున్నాక, కంత కిందే పీట వేసుకుని, పెద్ద కత్తెర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చేది ఏదైనా సరే... ఇవాళ తేలిపోవాలి.

ఎంతసేపు గడిచిందో తెలియదు. చెవుల్లో హోరు మొదలైంది. కణతలు టపటపా కొట్టుకుంటున్నాయి. నిప్పులు ఎర్రగా చూస్తున్నాయి.

అప్పుడు — గుండెల మీద ఎవరో కూర్చున్నారు.

లేవబోయాడు. కాళ్లు తనవి కావు. కత్తెర జారి నేల మీద పడింది, ఆ చప్పుడు ఎక్కడో పక్కింట్లో అయినట్టు వినబడింది. పిల్ల వైపు చూశాడు. పిల్ల కదలడం లేదు. భార్యా కదలడం లేదు. అరిచాననుకున్నాడు... నోరే తెరుచుకోలేదు.

ఆ చీకట్లో, తలుపు దగ్గర నుంచి తెల్లటిదేదో లేచింది.

గోడ పట్టుకుని వచ్చింది. ఆయన్ను దాటుకుంటూ వెళ్లింది. మూలుగుతూ పెట్టె మీదికి ఎక్కింది. తర్వాత తల పైన చప్పుడు — టిక్... టిక్... టిక్... ఒక్కొక్క కుట్టే ఊడుతోంది. నా పిల్ల, నా పిల్ల అని లోపల్లోపల ఏడుస్తూ మాస్టరు పీట మీద నుంచి ఒరిగిపోయాడు.

ఐసుముక్కలాంటి గాలి మొహానికి తగిలింది. ఆ వెంటనే చెంప ఛెళ్లుమంది.

“ఊపిరి పీల్చవయ్యా మొద్దూ!”

రెండేళ్ల తర్వాత అత్తగారు అల్లుడితో అన్న మొదటి మాట అది.

తలుపు బార్లా తెరిచి, పిల్లను చంకనేసుకుని, కూతుర్ని జుట్టు పట్టుకుని లాక్కుంటూ ఆవిడ మెట్ల మీదికి చేరింది. మాస్టరు పాక్కుంటూ వచ్చాడు. పిల్ల మెడ వాలిపోయి ఉంది. ఆవిడ అరికాళ్ల మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు పిల్ల కయ్యిమంది. మెట్ల మీద ఆ మగాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్లకు ప్రాణవాయువు పెట్టి, ప్రమాదం తప్పిందన్నాక ఆయన్ను ఉతికి ఆరేసింది. మూసిన గదిలో బొగ్గు నిప్పు నుంచి విషపు గాలి వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, పొగ లేదని మోసపోతే ఇంటిల్లిపాదీ నిద్రలోనే పోతారంది. పిల్లకు వెచ్చదనం కావాలంటే పొరలు పొరలుగా బట్టలు తొడగమంది, నిప్పు మాత్రం పడుకునే గదిలోకి తేవద్దంది. గుండెల మీద కూర్చున్నది ఎవరో మాస్టరుకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు సాయంత్రం పిల్లను ఇంటికి తెచ్చుకున్నారు. మూకుడు కొట్లోనే ఉండిపోయింది. కంత తెరిచే ఉంది. మాస్టరు కోటుగుడ్డతో పిల్లకు సంచిలాంటి పక్క కుట్టాడు. కుట్టడం అయ్యాక, సిగ్గు చంపుకుని అత్తగారి ముందు కూర్చున్నాడు.

“ముందే గట్టిగా చెప్పొచ్చు కదా, అత్తయ్యా.”

“చెప్పాను. ‘ఈ నిప్పు మనందర్నీ చంపుతుంది, కంత మూయొద్దను’ అని దీంతో మొదటిరోజే చెప్పాను.”

భార్య తల దించుకుంది. కాస్త ఉక్కగా ఉందట... ఆ మాట మాస్టరుకు గుర్తొచ్చింది. తమ ఇద్దరి నోళ్లకూ జడిసే తన భార్య ఇలా మాటలు కత్తిరించడం నేర్చుకుందని ఆయనకు తెలుసు.

“ఏదైతేనేం, మూడు రాత్రులూ మీరే కాపాడారు,” అన్నాడు.

“మూడు రాత్రులేమిటి?” అంది అత్తగారు. “నేను పెట్టె ఎక్కింది నిన్న ఒక్కరాత్రే. తలుపు సందులో గాలి ఆడబట్టి లేవగలిగాను. మోకాళ్లు ఇంకా పీకుతున్నాయి. ముందు రెండుసార్లూ నువ్వే తీశావనుకున్నా. ఆలోచిస్తారట అని ఇది చెప్పింది కదా.”

మాస్టరు జేబులోంచి దారపు చుట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వేళ్లతో తడిమింది.

“విప్పింది పనిమంతుడే... తొందరపడలేదు. కానీ దర్జీవాళ్లు దారం ఇలా చుట్టరు.”

మెల్లగా దారం విప్పింది. చివరి చుట్టు ఊడేసరికి అరచేతిలో సన్నటి ఇనపముక్క మిగిలింది. ఒక కొస సూదిగా ఉంది, రెండో కొసన చిన్న రంధ్రం.

గడియారపు ముల్లు.

మాస్టరు తల ఎత్తి కంత వైపు చూశాడు.

“మరి... నిన్న ఎందుకు రాలేదు?”

“కత్తెర పట్టుకుని నువ్వు దారికడ్డంగా కూర్చుంటివి,” అంది అత్తగారు. “పాపం, ఎలా వస్తాడు?”