నాలుగు వేళ్ల ఎడం

శుభవార్త వచ్చేసరికి కవారి నోటి నిండా వెట్‌కూక్ ఉంది. నూనెలో పొంగిన పిండి బన్ను, దాని కడుపులో కారం కారంగా కీమా. గొబాబిస్ బస్టాండు పక్క కొట్లో పొద్దున్నే అవి పొగలు కక్కుతూ దిగుతాయి. ఫోన్ మోగింది. వేళ్లు తుడుచుకుని మెసేజ్ తెరిచాడు.

"గెర్సన్, క్లబ్బు ఒప్పుకుంది. శనివారం వేట రైఫిళ్ల పోటీలో నీకు చోటు దొరికింది. తుపాకీతో రా. టోపీ మాత్రం మార్చు, నీది మేక నమిలినట్టుంది. ఇట్లు వెస్సెల్."

కవారికి నవ్వొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్క బెంచీ ఖాళీగా ఉంది. కొట్టామె మూకుట్లో నూనె వంక చూస్తోంది. ఫోన్‌లో ఉన్నవి రెండే నంబర్లు. ఒకటి క్లబ్బు పెద్ద వెస్సెల్‌ది, రెండోది ఆఫీసుది. నిజానికి అతను గెర్సన్ కాదు, పశువుల రైతూ కాదు. నమీబియా గూఢచారి విభాగంలో ఏజెంట్. గెర్సన్ కోసం ఆఫీసు ఒక ఊరిని, ఒక మందని, చనిపోయిన భార్యని కూడా కల్పించింది. స్నేహితుల్ని కల్పించడం మాత్రం మరిచిపోయింది.

"ఇంకొకటి ఇవ్వమ్మా. ఇవాళ మంచి రోజు," అన్నాడు.

"మంచి రోజైనా చెడ్డ రోజైనా ధర అంతే," అందామె, తిరిగి చూడకుండా.

రెండోది మొదటిదానికన్నా బాగుంది. అంచు కరకరలాడింది. ఆ మాట చెప్పడానికీ ఎవరూ లేరు.

*

ఊరి బయట ఒక పశువుల లారీ ఆగి ఉంది. ముందు అరలో నిజంగానే ఎడ్లు. వెనక అరలో రేడియోలు, తెరలు, వాటి మధ్య ముక్కుకి రుమాలు కట్టుకున్న సెల్మా మేడమ్.

"ఎస్తర్ గావసెస్," అందామె ఫోటో చూపించి. "ప్రాసిక్యూటర్. ఖడ్గమృగాల కొమ్ములు ఓడల్లో దాటిస్తున్న విదేశీ ముఠా మీద వచ్చే వారం కోర్టులో నోరు విప్పబోతోంది. శనివారం మీ పోటీకి ముఖ్య అతిథి. అక్కడే ఆమెని చంపబోతున్నారని తెలిసి వద్దన్నాం. మాటిచ్చానంది."

"హంతకుడెవరు?"

"పోటీదారుల్లోనే ఉన్నాడు. అంతవరకే తెలుసు. అందరి భుజాన రైఫిళ్లే. ఇంకో రైఫిల్ ఎందుకని ఎవరడుగుతారు?"

"ఈ సంగతి చెప్పిందెవరు?"

"మార్లీస్. ముఠాకి తూటాలు అమ్ముతుంది, మనకి ముఠా మాటలు అమ్ముతుంది. ఏళ్లుగా మన మనిషి. తనూ పోటీలో ఉంది. షూటింగ్ రేంజ్‌లో నిన్ను కలుస్తుంది. కోడ్ మాట గుర్తుంచుకో." తర్వాత చెవులకు పెట్టుకునే శబ్ద రక్షకాలు అందించింది. "షూటర్లందరూ పెట్టుకునేవే. నీవాటిలో మాత్రం నేనుంటాను."

ఆయుధాగారం మనిషి పొడవాటి నల్లని రైఫిల్ ఒకటి తెచ్చాడు. లావు బ్యారెల్, ముందు రెండు కాళ్లు, పైన సొరకాయంత స్కోపు.

"దీంతో వెళ్తే గేటు దగ్గరే దొరికిపోతాను మేడమ్," అన్నాడు కవారి. "ఇది సైనికుడిది. అక్కడున్నవాళ్లు వేటగాళ్లు. పొద్దంతా భుజాన మోసేంత బరువే ఉండాలి. నిలబడి, మోకాలి మీద, చెదల పుట్టకి ఆనించి కాల్చాలి. కాళ్లున్న తుపాకీని వాళ్లు కుర్చీ అంటారు."

గోడవారన ఒక పాత త్రీ-నాట్-ఎయిట్ వేట రైఫిల్ కనిపించింది. చెక్క మీద ముళ్ల కంపల గీతలు. భుజానికి ఆనించాడు. చెంప తనంతట తానే వెళ్లి స్కోపు వెనక కుదురుకుంది. ఎవరో మనిషి పక్కన ఒదిగినట్టనిపించింది. "ఇది చాలు," అన్నాడు.

*

దుమ్ము అందరి మీదా పడేది, మార్లీస్ మీద తప్ప. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. రేంజ్‌లో తన బండి వెనక తలుపు దించి, దాని మీద తూటాల డబ్బాలు పేర్చుకుని కూర్చుంది.

"ఈ ఏడాది కుడూ జింకలు కొండ దిగలేదట," అన్నాడు కవారి.

"దాహమేస్తే అవే దిగుతాయి," అందామె, నవ్వకుండా. వెంటనే నవ్వేసింది. "అబ్బ, ఈ కోడ్ మాటలు ఎవరు రాస్తారయ్యా మీ ఆఫీసులో? సరే, తూటా ఎంచుకున్నావా?"

"మంచిదేదో మీరే ఇవ్వండి."

"మీరా? నేనేమన్నా నీ మేనత్తనా? నువ్వు అను చాలు. తూటాని నువ్వు ఎంచుకోవు గెర్సన్. తుపాకీ ఎంచుకుంటుంది."

మూడు రకాలు చేతిలో పెట్టింది. అన్నీ మెత్తని సీసపు మొన ఉన్న వేట తూటాలే. బరువైన గుండుతో కాల్చిన చిల్లులు గురి అట్ట మీద అరచేయంత మేర చెదిరాయి. మెరిసే మొన ఉన్న ఖరీదైన రకం ఇంకా ఘోరం, కోడి కాళ్లతో గీరినట్టు పడింది. అన్నింటికన్నా చౌకైన, తేలికైన రకం వేశాడు. మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. ఒక నాణెం పెడితే మూడూ మూసుకుపోతాయి.

మార్లీస్ చప్పట్లు కొట్టింది. "నీ తుపాకీ పేదింటి బిడ్డ. చౌక తిండే దానికి పడుతుంది!"

"యజమాని పోలిక."

"ఇక ఈ తూటాతో చిల్లులు నడిమికి వచ్చేదాకా స్కోపు నాబ్ తిప్పు. తర్వాత ఇంకో రకం ముట్టుకోకు. ఒక తూటాకి కట్టేసిన స్కోపు ఇంకో తూటాకి అబద్ధం చెబుతుంది."

డబ్బాల చివర ఒకటి వేరుగా ఉంది. కవారి మూత ఎత్తాడు. నిగనిగలాడే ఇత్తడి గుళ్లు.

"అవి అడవిదున్నలకి," అందామె. "సీసం లేదు, మొత్తం గట్టి ఇత్తడే. ఏదైనా దూసుకుపోతాయి. పోటీలో నిషేధం. గురి పెట్టే ఇనుప రేకులకి చిల్లులు పడితే ఊమ్ వెస్సెల్ ఏడుస్తాడు." ఊమ్ అంటే అక్కడ బాబాయ్ లాంటి పిలుపు.

ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చింది. ఉన్నది ఒకే మూత. అతను సగం తాగి ఇస్తే మిగతా సగం ఆమె తాగింది. ఆ వారమంతా సాయంత్రాలు అలాగే గడిచాయి. గెర్సన్‌కి పోటీ సాధన, కవారికి నిఘా. ఇద్దరికీ ఆ మూతే.

"ఇంట్లో ఎవరున్నారు నీకు?" అని ఒకసారి అడిగాడు.

"నన్ను రెండు పక్షాలూ నమ్ముతాయి," అందామె. "భోజనానికి మాత్రం ఏ పక్షమూ పిలవదు."

లేవబోతూ ఇంకో మాట చెప్పింది. "ముఠా కళ్లు ముందు గేటు మీదున్నాయి. ఎస్తర్‌ని వాగు దారిన రప్పించమని మీ మేడమ్‌కి చెప్పు. రేంజ్ వెనకాల కొండ చాటున పోతుంది. పోటీ రోజు అటు ఎవరూ రారు."

కవారి చెప్పాడు. సెల్మా ఒప్పుకుంది.

*

శనివారం ఎండ పొద్దున్నే ఎక్కింది. పొయ్యిల మీద మాంసం కాలుతోంది. భార్యలు కుర్చీలు వేసుకున్నారు, పిల్లలు కాల్చేసిన తూటా గొట్టాలు ఏరుకుంటున్నారు. ప్రతివాడికీ ఎవరో ఒకరు టోపీ సర్దుతున్నారు. కవారి తన కొత్త టోపీని తనే సర్దుకున్నాడు.

తెల్ల గడ్డం ఊమ్ వెస్సెల్ అందరి తూటాలూ బల్ల మీద పేర్పించి చూశాడు. అన్నీ సీసపు మొనలే. తర్వాత గురి సరిచూసుకోవడానికి ఒక్కొక్కరికీ మూడు గుళ్లు.

కవారి అట్టల మీద కళ్లేసి నడిచాడు. గురి అంతంతమాత్రంగా ఉన్నవాళ్లవి ఎలాగూ చెదిరాయి. మంచి షూటర్లు కొందరికి ఎడమకో కుడికో పడ్డాయి. వాళ్లు వెంటనే నాబ్ తిప్పుకున్నారు. చివరి అట్ట మార్లీస్‌ది. మూడు చిల్లులూ ఒకే నాణెం కింద దాగేలా ఉన్నాయి. కానీ నడిమికి నాలుగు వేళ్లు కిందుగా.

"నాబ్ తిప్పవే తల్లీ!" అని అరిచాడు వెస్సెల్. "అంత బాగా కాల్చి కాళ్ల మీద కొడతావేంటి?"

"పోటీ రోజు స్కోపు ముట్టుకుంటే నాకు అచ్చిరాదు ఊమ్. నాలుగు వేళ్లు పైకి గురిపెడితే సరిపోదా?"

"ఆడపిల్లల నమ్మకాలు!"

"మీ అదృష్టం చొక్కా ఉతికి ఎన్నేళ్లయింది ఊమ్?"

అందరూ నవ్వారు. కవారి కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఒక తూటాకి కట్టేసిన స్కోపు ఇంకో తూటాకి అబద్ధం చెబుతుంది. ఆ మాట తనకి నేర్పిన మనిషి నాబ్ ఎందుకు తిప్పదు? ఆ స్కోపు సరిగానే ఉంది. అయితే ఈ సీసపు తూటాకి కాదు. ఈ బల్ల మీద లేని ఇంకో తూటాకి.

గుంపుకి దూరంగా వెళ్లి చెవి రక్షకాల్లో గొణిగాడు. "మేడమ్, మార్లీస్. ఆమె రైఫిల్ ఇత్తడి గుండుకి కట్టి ఉంది. దాన్ని కారు బుల్లెట్‌ప్రూఫ్ గాజు కూడా ఆపదు."

"మతి పోయిందా? ఆమె మన మనిషి. ఆధారం?"

"నాలుగు వేళ్లు."

"నాలుగు వేళ్లు చూపించి మనిషిని అరెస్టు చేయమంటావా?"

"వాగు దారి సలహా ఎవరిది మేడమ్?"

లారీలో ఎద్దు ఒకటి ఊపిరి వదలడం వినిపించింది.

"కారు వాగులోకి దిగిపోయింది," అంది సెల్మా. "అక్కడ సిగ్నల్ లేదు. నేను లారీతో అటు బయల్దేరుతున్నాను. చేరతానో లేదో. ఈలోగా నువ్వు... నీకు తోచింది చెయ్."

*

చివరి అంకం నడక. షూటర్లు జతలుగా కంచె దాటి పొదల్లోకి వెళ్లాలి. కొండ మీది ఇనుప రేకుని ఒక్క గుండుతో కొట్టాలి. మార్లీస్ తన జతగా ఎవరు కావాలో ముందే చెప్పేసింది.

"గెర్సన్‌తో వెళ్తాను. అతనొక్కడే నన్ను పొగడడు."

కంచె దగ్గర ఆగారు. వేటగాళ్ల పద్ధతి ఒకటుంది. కంచె దాటేవాడు తుపాకీ ఖాళీ చేసి, తోటివాడి చేతికిచ్చి దాటాలి. మార్లీస్ అలవాటుగా రైఫిల్ అతనికిచ్చి, వీపు తిప్పి తీగ మీద కాలేసింది.

అరిచి చెప్పొచ్చు. రైఫిల్ ఇవ్వనని మొండికేయొచ్చు. ఆమె నవ్వేస్తుంది, ఊమ్ వెస్సెల్ తిడతాడు, ఇంకో రోజు ఇంకెక్కడో ఎస్తర్ పోతుంది. పైగా, తనే పొరబడి ఉంటే?

కవారి వేళ్లు స్కోపు మీది నాబ్‌ని పట్టుకున్నాయి. టిక్, టిక్, టిక్. నాలుగు వేళ్ల మేర పైకి. ఆమె చెవులకి రక్షకాలున్నాయి. వినపడలేదు.

ఇప్పుడు ఆ స్కోపు సీసపు తూటాకి నిజం చెబుతుంది. ఇత్తడి గుండు మాత్రం గురికి పైగా పోతుంది, దూరం పెరిగేకొద్దీ ఇంకా పైకి. ఆమె పోటీకే వచ్చి సీసపు తూటా వేస్తే, నాబ్ తిప్పానని చెప్పేస్తాడు, కప్పు ఆమెదే. రేకు మోగాలని కోరుకున్నాడు. జీవితంలో ఏ మిషన్‌లోనూ తన అనుమానం అబద్ధం కావాలని అంతగా కోరుకోలేదు.

రెండు రైఫిళ్లూ తీగల మీదుగా ఆమెకి అందించి తనూ దాటాడు. "కంచె బాగానే దాటావు. స్కర్ట్ చిరగలేదు."

"ఏడిశావులే," అందామె.

కొండ ఎదుట మోకాలి మీద కూర్చుంది. చెయ్యి వెస్సెల్ చూసిన తూటాలున్న జేబుకి పోలేదు. స్కార్ఫ్ ముడిలోకి పోయింది. ఇత్తడి తళుక్కుమంది. దూరాన, కొండ చాటు నుంచి దారి బయటపడే ఒకే ఒక్క మలుపులోకి నల్ల కారు తిరిగింది. రైఫిల్ రేకుని వదిలి అటు జరిగింది.

కవారి దూకేలోపే రైఫిల్ పేలింది.

కారు పైకప్పు మీది ఏరియల్ కడ్డీ తునిగి గాల్లోకి ఎగిరింది. వెనక గట్టు మీద దుమ్ము లేచింది. కారు జర్రున జారి, కొండ చాటుకి దూసుకుపోయింది.

మార్లీస్ చెయ్యి రెండో తూటా కోసం ముడి వైపు వెళ్లింది. కవారి బ్యారెల్‌ని నేలకి అదిమిపెట్టాడు.

ఆమె అతన్ని చూడలేదు. నాబ్‌ని చూసింది.

"నా స్కోపు ముట్టుకున్నావు."

"సరిచేశాను. రేకుని కొట్టుంటే నడిమికి తగిలేది."

ఆమె కళ్లద్దాలు తీసింది. అలసిన కళ్లు. "గురి తప్పింది, ప్రమాదం అని చెప్పడానికి ఒక సాక్షి కావాల్సొచ్చింది గెర్సన్. నన్ను నమ్మే మనిషి కావాలి. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు."

"నాకూ అంతే," అన్నాడు కవారి.

"వాళ్లు ఇల్లిస్తామన్నారు. సముద్రం పక్కన. ఎవరి మాటలూ ఎవరికీ అమ్మక్కర్లేని చోట." కాస్త ఆగింది. "నీ అసలు పేరేంటి?"

చెప్పాలనిపించింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పొదల అవతల సెల్మా మనుషుల అడుగులు వినిపించాయి. కవారి బోల్ట్ తెరిచి, రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, పక్కన పెట్టాడు.

*

ఎస్తర్ గావసెస్ కప్పు అందించే వెళ్లింది. ఏరియల్ ఏమైందని ఎవరో అడిగితే చెట్టు కొమ్మ తగిలిందంది. మార్లీస్‌కి వడదెబ్బ తగిలిందని క్లబ్బుకి చెప్పారు. ఊమ్ వెస్సెల్ కవారి వీపు మీద చరిచాడు.

"మూడో స్థానం! పాత తుపాకీ, చౌక తూటా! ఏమోయ్, వచ్చే ఆదివారం మా ఇంటికి రా. మా ఆవిడ మటన్ వండుతుంది."

"తప్పకుండా ఊమ్," అన్నాడు కవారి. వచ్చే ఆదివారానికి గెర్సన్ అనే మనిషే ఉండడని అతనికి తెలుసు.

లారీలో సెల్మా మేడమ్ ముక్కుకి కట్టుకున్న రుమాలు తీసి మడతపెట్టింది.

"రేపు పొద్దున రైలెక్కు," అంది. "స్వాకొప్‌ముండ్. సముద్రం ఒడ్డు హోటల్లో ముఠా గుమాస్తా దిగుతున్నాడు. కొత్త పేరు, కొత్త వేషం. ఈసారి నీకు కొత్తగా పెళ్లయింది."

"ఎవరితో?"

"స్టేషన్‌లో కలుస్తుంది."

"గుర్తుపట్టేదెలా?"

"ఆమె కూడా అదే అడిగింది," అంది సెల్మా. "మనవాళ్లెవరికీ పెళ్లయినవాళ్లు ఎలా నడుస్తారో తెలియదు. అలా తెలియక తడబడుతూ నడిచేది ఆమే. రేపు ప్లాట్‌ఫామ్ మీద ఇద్దరూ కాస్త ముందే వచ్చి సాధన చెయ్యండి."